దోషాన్వేషణం

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రం పనిచేయనప్పుడు ఊహలకు లోనుకాకుండా, పరీక్షల ద్వారా లోపాన్ని గుర్తించే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం, సాంకేతిక విషయాలను తెలుగులో స్పష్టంగా వివరించే నేర్పును అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ: వ్యాసం

పాఠ్యభాగం

‘దోషాన్వేషణ’ అనే మాటకు లోకవ్యవహారంలో మంచి పేరు లేదు. ఎదుటివారి తప్పులను వెదకేవానిని పెద్దలు మెచ్చుకోరు. సాంకేతిక రంగంలో మాత్రం ఈ మాటకు గౌరవప్రదమైన అర్థం ఉంది. పనిచేయని యంత్రంలో లోపం ఎక్కడ ఉన్నదో ఓర్పుతో, క్రమంతో కనుగొనడం అక్కడ ఒక విద్య. ఆ విద్యను అభ్యసించడానికి కంప్యూటరుకూ మైక్రోకంట్రోలర్‌కూ మధ్య జరిగే సీరియల్ సంభాషణ చక్కని ఉదాహరణ.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్. బట్టలు ఉతికే యంత్రంలోనూ, విద్యుత్ మీటరులోనూ, తూనిక యంత్రంలోనూ ఇది కంటికి కనిపించకుండా పనిచేస్తుంది. ఇంటెల్ సంస్థ 1980లో విడుదల చేసిన 8051 ఈ జాతిలో ప్రసిద్ధమైనది. తరువాత అనేక సంస్థలు అదే నమూనాలో చిప్పులను తయారుచేశాయి. చిప్పు ఏ పని చేయాలో తెలిపే ఆదేశాల సముదాయాన్ని దాని జ్ఞాపకంలో వ్రాయాలి. ఆ ఆదేశాలను రచించే మనిషినీ, వాటిని చిప్పులోకి ఎక్కించే పరికరాన్నీ కూడా ‘ప్రోగ్రామర్’ అనే పిలుస్తారు. ఈ పాఠంలో ఆ మాట పరికరానికే వర్తిస్తుంది. కొన్ని చిప్పులకు ప్రత్యేకమైన ప్రోగ్రామర్ అవసరం లేదు. వాటిలో ముందుగానే నిక్షిప్తమైన ‘బూట్‌లోడర్’ అనే చిన్న ప్రోగ్రాము కంప్యూటరు నుంచి వచ్చే ఆదేశాలను అందుకొని, వాటిని జ్ఞాపకంలో తానే వ్రాసుకొంటుంది.

ఈ రాకపోకలకు చిరకాలంగా వాడుకలో ఉన్న మార్గం సీరియల్ ప్రసారం. ఒక అక్షరానికి చెందిన ఎనిమిది బిట్లను ఎనిమిది తీగల మీద ఒకేసారి పంపకుండా, ఒకే తీగ మీద ఒకదాని తరువాత ఒకటిగా పంపడమే దీని ప్రత్యేకత. ఇరుకు వంతెన మీద బండ్లు వరుసగా సాగిపోయినట్లు బిట్లు సాగిపోతాయి. అక్షరం మొదలవుతున్నదని తెలపడానికి ముందు ఒక ప్రారంభ బిట్టు, ముగిసిందని తెలపడానికి చివర ఒక ముగింపు బిట్టు చేరతాయి. ఆ విధంగా ఒక్కొక్క అక్షరానికి పది బిట్లు అవుతాయి.

బిట్లు పంపే వేగాన్ని ‘బాడ్’లలో కొలుస్తారు. ఈ పేరు ఫ్రాన్సు దేశపు టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమిల్ బోదో (1845–1903) జ్ఞాపకార్థం వచ్చింది. ఆయన 1874లో తన ముద్రణ టెలిగ్రాఫుకు పేటెంటు పొందాడు. ఒక్కొక్క అక్షరానికి ఐదేసి సంకేతాలు కేటాయించిన ఆయన పద్ధతి తరువాతి టెలిప్రింటర్లకు దారి చూపింది. నేడు 9600 బాడ్ల వేగంతో సాగే ప్రసారంలో ఒక్కొక్క బిట్టుకు దాదాపు 104 మైక్రోసెకన్ల కాలం పడుతుంది. పది బిట్లకు ఒక అక్షరం చొప్పున సెకనుకు 960 అక్షరాలు గమ్యం చేరతాయి.

సీరియల్ ప్రసారానికి ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం 1960లో అమెరికాలో ఏర్పడింది. దీని ప్రకారం రుణ 3 నుంచి రుణ 15 వోల్టుల వరకు ఉన్న విద్యుత్ పీడనం ‘ఒకటి’ని, ధన 3 నుంచి ధన 15 వోల్టుల వరకు ఉన్నది ‘సున్న’ను సూచిస్తుంది. మైక్రోకంట్రోలర్ భాష వేరు. దానికి 5 వోల్టులు ఒకటి. సున్న వోల్టులు సున్న. ఈ రెండింటినీ నేరుగా కలిపితే అర్థం తారుమారు కావడమే కాక, చిప్పు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. అందువల్ల నడుమ మ్యాక్స్232 వంటి మరొక చిప్పు దుబాసీవలె నిలిచి ఇరువైపుల వోల్టేజీలను మార్చి అందిస్తుంది.

కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్, పోర్టు, కేబుల్, దుబాసీ చిప్పు, మైక్రోకంట్రోలర్, దానిలోని బూట్‌లోడర్ అనే ఆరూ ఒక గొలుసులోని లంకెల వంటివి. ఏ లంకె తెగినా తెరమీద కనిపించే మాట ఒక్కటే: పరికరం స్పందించలేదు. ఈ సందేశాన్ని చాలామంది ‘చిప్పు చెడిపోయింది’ అని అర్థం చేసుకొంటారు. నిజానికి ఆ సందేశం చెప్పేది, కంప్యూటరుకు ప్రత్యుత్తరం రాలేదని మాత్రమే. ఉత్తరానికి జవాబు రానంత మాత్రాన, అందుకోవలసినవాడు లేడని నిర్ణయించరాదు. ఉత్తరం అసలు పెట్టెలో వేయకపోయి ఉండవచ్చు. చిరునామా తప్పు కావచ్చు. జవాబే దారిలో చిక్కుకొని ఉండవచ్చు.

ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులు ప్రాజెక్టులు సమర్పించే రోజుల్లో ఈ తొందరపాటు ఎక్కువ నష్టం కలిగిస్తుంది. గడువు దగ్గర పడుతుంది. చిప్పు పలకదు. కొత్త చిప్పు కొని పెడతారు, అదీ పలకదు. కేబులు మారుస్తారు, సాఫ్ట్‌వేర్ మారుస్తారు, వేగం మారుస్తారు; అన్నీ ఒకేసారి మారుస్తారు. అదృష్టవశాత్తు పనిచేస్తే ఏ మార్పు వల్ల పనిచేసిందో తెలియదు. పనిచేయకపోతే మొదటి లోపానికి కొత్త లోపం తోడై ఉండవచ్చు. బాగున్న చిప్పు చెత్తబుట్ట పాలవుతుంది. దానికంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. పరీక్షకు నిలిచినప్పుడు ‘ఎందుకు పనిచేయలేదు?’ అన్న ప్రశ్నకు విద్యార్థి దగ్గర సమాధానం ఉండదు.

దోషాన్వేషణలో ప్రధాన సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు, ఒక్కొక్క మార్పుకు ఒక పరీక్ష. గొలుసును ఒక చివర నుంచి కొంచెం కొంచెంగా నిర్ధారించుకొంటూ పోవాలి. సీరియల్ సంభాషణకు ఇందుకు అనువైన పరీక్ష ‘లూప్‌బ్యాక్’. బావిలోకి తొంగిచూసి పిలిచిన పిల్లవానికి తన గొంతే తిరిగి వినిపించినట్లు, కంప్యూటరు పంపిన అక్షరాన్ని దానికే తిరిగి వినిపించడం ఈ పరీక్ష సారాంశం.

కంప్యూటరు వెనుక ఉండే తొమ్మిది పిన్నుల పోర్టులో మూడవ పిన్ను పంపడానికి, రెండవది అందుకోవడానికి, ఐదవది ఉమ్మడి భూమికి ఉద్దేశించినవి. ముందుగా పోర్టు దగ్గరే రెండవ, మూడవ పిన్నులను చిన్న తీగతో కలపాలి. టెర్మినల్ సాఫ్ట్‌వేర్‌లో తాను టైపు చేసినది తానే చూపించే సదుపాయాన్ని, ప్రవాహ నియంత్రణను తొలగించి, ఒక అక్షరం టైపు చేయాలి. అది తెరమీద కనిపిస్తే సాఫ్ట్‌వేర్, పోర్టు రెండూ సక్రమంగా ఉన్నట్లే. కనిపించకపోతే బోర్డు వైపు చూడవలసిన పనే లేదు. తప్పు పోర్టు సంఖ్యను ఎంచుకొని ఉండవచ్చు; మరొక సాఫ్ట్‌వేర్ ఆ పోర్టును ముందే తెరచి పట్టుకొని ఉండవచ్చు. సీరియల్ పోర్టు లేని ల్యాప్‌టాపులలో యూఎస్‌బీ కన్వర్టరు వాడతారు. దానికి తగిన డ్రైవరు లేకపోయినా, దానిని వేరొక సాకెట్టులో గుచ్చినందువల్ల పోర్టు సంఖ్య మారినా ఇదే ఫలితం కలుగుతుంది.

మొదటి పరీక్ష నెగ్గిన తరువాత, ఆ కలిపిన తీగను కేబుల్ అవతలి చివరకు మార్చాలి. అక్షరం తిరిగి వస్తే కేబులులో తెగిన తీగ లేదు. మూడవ మెట్టులో బోర్డుకు విద్యుత్తు ఆపి, మైక్రోకంట్రోలరును సాకెట్టు నుంచి జాగ్రత్తగా తీయాలి. నలభై పిన్నుల 8051 జాతి చిప్పులో పదవ పిన్ను అందుకొనేది, పదకొండవది పంపేది. ఖాళీ సాకెట్టులో ఆ రెండు స్థానాలను కలిపి, విద్యుత్తు ఇచ్చి, మళ్లీ అక్షరం టైపు చేయాలి. అది తిరిగి వచ్చిందంటే దుబాసీ చిప్పు కూడా తన పని తాను చేస్తున్నది. రాకపోతే మ్యాక్స్232 చిప్పునూ, దాని చుట్టూ ఉన్న కెపాసిటర్లనూ చూడాలి. 5 వోల్టుల నుంచి ఎక్కువ వోల్టేజిని సృష్టించేది ఆ కెపాసిటర్ల సహాయంతోనే. మల్టీమీటరుతో కొలిచినప్పుడు ఆ చిప్పు రెండవ పిన్ను వద్ద ధన 8 నుంచి 10 వోల్టులు, ఆరవ పిన్ను వద్ద దాదాపు అంతే రుణ వోల్టేజి కనిపించాలి. కనిపించకపోతే ఏదో ఒక కెపాసిటరు తిరగబడి ఉండవచ్చు, లేదా సోల్డరింగు సరిగా అతికి ఉండకపోవచ్చు.

మూడు పరీక్షలూ నెగ్గినప్పటికీ చిప్పు పలకకపోవచ్చు. అంతమాత్రాన చిప్పును నిందించరాదు. ప్రతి పరీక్షకూ ఒక హద్దు ఉంటుంది. అది ఏమి నిరూపించిందో తెలుసుకోవడంతోపాటు, ఏమి నిరూపించలేదో తెలుసుకోవడం కూడా అత్యవసరం. లూప్‌బ్యాక్ పరీక్షలో పంపేదీ వినేదీ ఒకే కంప్యూటరు. కనుక రెండు లోపాలు దానికి చిక్కకుండా తప్పించుకొంటాయి. ఒకటి తీగల తారుమారు. రెండవది వేగాల భేదం.

సంభాషణలో ఒకరి నోటిమాట మరొకరి చెవికి చేరాలి. అదేవిధంగా ఒక పరికరం పంపే తీగ రెండవ పరికరం అందుకొనే పిన్నుకు చేరాలి. పంపే తీగ పంపే తీగతోనే కలిస్తే ఇద్దరూ మాట్లాడతారు, ఎవరూ వినరు. కేబుళ్లలో తిన్ననివీ, లోపల తీగలు అడ్డంగా మార్చినవీ అని రెండు రకాలు ఉన్నాయి. పైకి రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. రెండు చివరల పిన్నులను కలిపి చేసే లూప్‌బ్యాక్‌కు ఈ భేదం తెలియదు. ఏ తీగ అటు తిరిగినా అక్షరం మాత్రం తిరిగి వస్తుంది. ఇక్కడ మల్టీమీటరు సహాయపడుతుంది. ఏ సమాచారమూ పంపనప్పుడు, మాట్లాడవలసిన తీగ భూమితో పోలిస్తే స్థిరంగా రుణ వోల్టేజి చూపుతుంది. కంప్యూటరు వైపు నుంచి కేబులు ద్వారా వచ్చే రుణ వోల్టేజి ఏ పిన్ను మీద ఉన్నదో, బోర్డు వైపు నుంచి వచ్చేది ఏ పిన్ను మీద ఉన్నదో విడివిడిగా కొలవాలి. రెండూ ఒకే పిన్ను మీద కనిపిస్తే కేబులు రకం తప్పు. భూమి తీగను కూడా మరువరాదు. వోల్టేజి అనేది రెండు బిందువుల మధ్య భేదం. ఉమ్మడి భూమి లేనిదే ఎత్తుపల్లాలను నిర్ణయించే ఆధారమే ఉండదు.

వేగాల భేదం మరింత సూక్ష్మమైనది. అందుకొనే పరికరం ప్రారంభ బిట్టు అంచును చూసి తన గడియారాన్ని సరిచేసుకొంటుంది. అక్కడి నుంచి ఒక్కొక్క బిట్టు నడిమధ్యలో తీగను పరిశీలిస్తుంది. పదవ బిట్టు నడిమికి చేరేసరికి తొమ్మిదిన్నర బిట్ల కాలం గడుస్తుంది. ఈలోగా ఇరువురి గడియారాల మధ్య తేడా అర బిట్టును మించితే, అది పక్క బిట్టును చూసి మోసపోతుంది. తొమ్మిదిన్నరలో అర అంటే రమారమి నూటికి ఐదు. కాబట్టి రెండు గడియారాల మధ్య తేడా నూటికి ఐదుకు లోపలే ఉండి తీరాలి.

8051 బోర్డుల మీద 11.0592 మెగాహెర్ట్జ్ అనే విచిత్రమైన అంకె గల క్రిస్టల్ కనిపించడానికి కారణం ఇదే. దానిని మామూలు పద్ధతిలో 12తోనూ, 32తోనూ, 3తోనూ వరుసగా భాగిస్తే సరిగా 9600 వస్తుంది. చూడడానికి నిండుగా ఉన్నదని 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టి అదే లెక్క చేస్తే 10,416 వస్తుంది. తేడా నూటికి ఎనిమిదిన్నర. పదవ బిట్టు చేరేసరికి ఆ తేడా దాదాపు నాలుగైదవ వంతుల బిట్టుకు పెరుగుతుంది. అప్పుడు తెరమీద అర్థంలేని గుర్తులు వస్తాయి. అనుభవం లేనివారు ఆ గుర్తులను చూసి నిరాశ చెందుతారు. తెలిసినవారు సంతోషిస్తారు. తీగలు కలిసి ఉన్నాయనీ, చిప్పు సజీవంగా ఉన్నదనీ, వెదకవలసినది వేగంలోనే అనీ ఆ చెత్తే చెబుతున్నది. సంపూర్ణ మౌనం ఒక లక్షణం. అర్థంలేని మాట మరొక లక్షణం. వైద్యుడు జ్వరానికీ నొప్పికీ వేరువేరు కారణాలు వెదకినట్లు, ఈ రెండింటికీ వేరువేరు కారణాలు వెదకాలి.

వేగాల చిక్కును కొందరు తయారీదారులు తెలివిగా పరిష్కరించారు. ఫిలిప్స్ సంస్థ రూపొందించిన పి89వి51ఆర్‌డి2 అనే చిప్పు 8051 జాతికి చెందినది. దీని బూట్‌లోడర్‌కు కంప్యూటరు మొదట ఇంగ్లీషు పెద్దబడి ‘యు’ అక్షరాన్ని పంపుతుంది. ఆ అక్షరం సంఖ్య 85. బిట్లుగా వ్రాస్తే 01010101. ఒకటి, సున్న ఒకదాని తరువాత ఒకటి తప్పకుండా మారుతుంటాయి కనుక, ఒక్కొక్క బిట్టు ఎంతసేపు నిలిచిందో కొలిచి చిప్పు తన వేగాన్ని దానికి అనుగుణంగా మలచుకొంటుంది. తంబురా శ్రుతికి గాయకుడు తన గొంతును కలిపినట్లు ఇక్కడ చిప్పు కంప్యూటరుతో శ్రుతి కలుపుతుంది.

అయితే ఈ బూట్‌లోడర్ ఎల్లవేళలా వినదు. రీసెట్ చేసిన తరువాత సెకనులో కొద్ది భాగం మాత్రమే ఎదురుచూసి, పిలుపు రాకపోతే జ్ఞాపకంలోని పాత ప్రోగ్రామును నడపడానికి వెళ్లిపోతుంది. కంప్యూటరు కోరిన సమయంలో రీసెట్ మీటను నొక్కకపోతే, అన్ని లంకెలూ బాగున్నా ప్రత్యుత్తరం రాదు. ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో 2005లో పుట్టిన ఆర్డువినో బోర్డులలో ఈ శ్రమను తప్పించారు. అక్కడ కంప్యూటరు పోర్టులోని డీటీఆర్ అనే సంకేతం ఒక చిన్న కెపాసిటరు ద్వారా చిప్పును తానే రీసెట్ చేస్తుంది. అయినప్పటికీ, ఆర్డువినో ఉనో బోర్డులో సున్న, ఒకటి అనే పిన్నులకు వేరొక పరికరం తగిలించి ఉంటే అది సంభాషణకు అడ్డు తగులుతుంది. తప్పు బోర్డు పేరు ఎంచుకొంటే వేగమే మారిపోవచ్చు. రెండు సందర్భాలలోనూ తెరమీద కనిపించేది ‘శ్రుతి కలవలేదు’ అనే భావం గల సందేశమే.

ఇవన్నీ పరీక్షించిన తరువాత మిగిలిన ఏకైక అనుమానం చిప్పు మీదనే నిలిస్తే, అప్పుడు దానిని మార్చడం న్యాయం. బాగుగా పనిచేస్తున్నదని తెలిసిన మరొక బోర్డులో ఆ చిప్పును పెట్టి చూడడం ఆఖరి పరీక్ష. అక్కడా అది పలకకపోతే నిర్ణయానికి సాక్ష్యం దొరికినట్లే.

ఈ క్రమంలో చిన్న నోటుపుస్తకం కూడా మల్టీమీటరుతో సమానమైన సాధనం. ఏ పరీక్ష చేశారు, ఏ ఫలితం వచ్చింది, ఏ అనుమానం తొలగింది అనే మూడు విషయాలు వరుసగా వ్రాసుకొంటే, చేసిన పనినే మళ్లీ చేయవలసిన అవసరం ఉండదు. మరునాడు వేరొకరు ఆ పనిని అందుకొన్నా, ఆగిన చోటు నుంచి కొనసాగించగలరు. కార్యకారణాలను ఈ విధంగా ముడివేసి చూసే అలవాటు ప్రయోగశాల గడప దాటిన తరువాత కూడా విద్యార్థికి తోడుగా ఉంటుంది.

కఠిన పదాలు – అర్థాలు

అన్వేషణ = వెదకడం
నిక్షిప్తం = లోపల ఉంచబడినది
దుబాసీ = రెండు భాషలు తెలిసి, ఒకరి మాటను మరొకరికి చెప్పేవాడు
ప్రత్యుత్తరం = జవాబు
ప్రమాణం = అందరూ పాటించవలసిన కొలత, నియమం
తారుమారు = తలక్రిందులు
శ్రుతి = సంగీతంలో ఆధారస్వరం
రమారమి = దాదాపు
భేదం = తేడా

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. లూప్‌బ్యాక్ పరీక్షలోని మూడు మెట్లను వివరించి, ఒక్కొక్క మెట్టు ఏమి నిరూపిస్తుందో తెలపండి.
2. లూప్‌బ్యాక్ పరీక్షకు చిక్కని రెండు లోపాలు ఏవి? వాటిని ఎట్లా గుర్తించాలి?

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. ‘పరికరం స్పందించలేదు’ అనే సందేశానికి సరైన అర్థం ఏమిటి?
2. మ్యాక్స్232 చిప్పును దుబాసీతో ఎందుకు పోల్చారు?
3. 8051 బోర్డులలో 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ వాడడానికి కారణం ఏమిటి?
4. బూట్‌లోడర్‌కు మొదట ‘యు’ అక్షరాన్ని పంపడంలోని సౌలభ్యం ఏమిటి?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు

1. “ఇద్దరూ మాట్లాడతారు, ఎవరూ వినరు.”
2. “సంపూర్ణ మౌనం ఒక లక్షణం, అర్థంలేని మాట మరొక లక్షణం.”

ఈ) వ్యాకరణాంశాలు

సంధులు
దోషాన్వేషణ = దోష + అన్వేషణ – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం – యణాదేశ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి

సమాసాలు
దోషాన్వేషణ – దోషం యొక్క అన్వేషణ – షష్ఠీ తత్పురుష సమాసం
కార్యకారణాలు – కార్యమూ, కారణమూ – ద్వంద్వ సమాసం
ప్రధాన సూత్రం – ప్రధానమైన సూత్రం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
మూడు పరీక్షలు – మూడు సంఖ్య గల పరీక్షలు – ద్విగు సమాసం

ఉ) భాషా కార్యకలాపం

ఇంట్లో పనిచేయని ఒక వస్తువును ఎన్నుకోండి. దానిలోని లోపాన్ని కనుగొనడానికి చేయదగిన పరీక్షలను వరుసక్రమంలో పది వాక్యాలలో వ్రాయండి. ఒక్కొక్క పరీక్ష ఏ అనుమానాన్ని తొలగిస్తుందో పేర్కొనండి.